డ్రమ్ము నీళ్లు, సీసాలో పురుగులు: బస్తీలో సైన్స్ చెప్పడం గురించి

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం పెద్దది. పేద దేశాల అభివృద్ధికి విజ్ఞాన ప్రచారం ఎట్లా ఉపయోగపడుతుందో చెప్పమన్నారు. ఆ మాట కాగితం మీద చూడగానే మేము అయిదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఇద్దరం అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి పోతాం. ఒకామె సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్ కీపింగ్. ఒకామె హాస్టల్లో వంట. ఒకామె ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పదో తరగతి దాటినవాళ్ళం ఇద్దరమే. అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే సైన్స్ ఎట్లా చెప్పకూడదో మాకు బాగా తెలుసు. రెండేళ్ళ కింద మేము చెప్పింది అట్లాగే.

ఆ ఏడు వానలు పడే ముందు మాకు ఒక కరపత్రం కట్ట ఇచ్చారు. ప్రతి సంఘం మీటింగులో చదివి వినిపించమన్నారు. మేమూ చదివాం. పొదుపు డబ్బులు కట్టడం అయిపోయింది, కిస్తీలు రాయడం అయిపోయింది, తీర్మానం పుస్తకంలో సంతకాలు అయిపోయాయి, అక్కలు చెప్పులు తొడుక్కుంటున్నారు. అప్పుడు మేము నిలబడి చదివాం. "ఏడిస్ ఈజిప్టై దోమ ద్వారా సంక్రమించు డెంగీ జ్వరము నివారణకై గృహ పరిసరములయందు నీటి నిల్వలను నిర్మూలించవలెను." ఇట్లాంటి వాక్యాలు పన్నెండు ఉన్నాయి. చదువుతుంటే మాకే నోరు తిరగలేదు.

ఒక పెద్దమ్మ వాకిట్లో ఆగి అడిగింది. "నీళ్ళు నిల్వ పెట్టొద్దంటున్నరు. మన బస్తీకి నల్లా దినం తప్పి దినం వస్తది. నిల్వ పెట్టకుంటె ఏం తాగాలె బిడ్డా?"

మా దగ్గర జవాబు లేదు. కాగితంలోనూ లేదు. మా ఇళ్ళల్లో కూడా డ్రమ్ములున్నాయి మరి. ఆ రాత్రి ఆ కరపత్రం రాసినవాళ్ళ మీద కోపం వచ్చింది, చదివిన మా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఎండాకాలంలో ట్యాంకరు వెనక బిందెలతో ఉరికేది మేమే, పోయి "నీళ్ళు పెట్టుకోకండి" అని చెప్పిందీ మేమే.

ఆ వానాకాలమే మన సంఘం అక్క కొడుకుకు జ్వరం వచ్చింది. ఆమె ఈ సభలోనే కూర్చొని ఉంది. పేరు చెప్పమని ఆమే అంది, మేమే చెప్పడం లేదు. పిల్లాడికి తొమ్మిదేళ్ళు. గురువారం జ్వరం. గల్లీలో ఒకాయన దగ్గర సూది వేయించింది. శుక్రవారం, శనివారం జ్వరం అట్లాగే ఉంది. ఆదివారం పొద్దున ఒళ్ళు చల్లబడింది. జ్వరం దిగింది కదా అని దేవుడికి దండం పెట్టుకొని, మూడు రోజులు పని మానినందుకు అప్పటికే మాటలు పడ్డది కనుక, పిల్లాణ్ణి అవ్వ దగ్గర వదిలి పనికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి వాడు కడుపు పట్టుకొని ముడుచుకొని పడుకున్నాడు. ఆగకుండా వాంతులు. కాళ్ళు మంచులా ఉన్నాయి. పిలిస్తే సరిగా పలకడం లేదు.

బతికాడు. ఇప్పుడు అయిదో తరగతి. కానీ ఆరు రోజులు ఐసీయూలో ఉన్నాడు. కుట్టు మిషను కోసం బ్యాంకు లింకేజీలో తీసుకున్న డబ్బు ఆసుపత్రికి పోయింది, అది చాలక బయట మిత్తికి తెచ్చింది. ఆ మిత్తి ఇంకా కడుతూనే ఉంది.

తర్వాత ఒక రోజు మేము ఆ పాత కరపత్రం తీసి మళ్ళీ చూశాం. తొమ్మిదో వాక్యం, చిన్న అక్షరాల్లో, జ్వరము తగ్గు దశలో ప్రమాద సూచికలను గమనించవలెను అని ఉంది. అంటే ఆ అక్కకు కావలసిన మాట మా చేతిలోనే ఉంది. మేము చదివాం కూడా. మా నోటి నుంచి వచ్చింది, కానీ ఎవరి చెవికీ చేరలేదు. ఉపసంఘం పని అక్కడి నుంచి మొదలైందని చెప్పాలి.

ఆ మాటను ఇప్పుడు మేము ఎట్లా చెప్తున్నామో వినండి. డెంగీలో జ్వరం ఉన్న రోజులకన్నా, జ్వరం దిగిన రోజు, దాని తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువ భయపడాలి. మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో ఇది వస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. అందుకే ఒళ్ళు చల్లబడుతుంది, నాడి పడిపోతుంది. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండడం, ఒంటేలు తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా పొద్దున దాకా ఆగొద్దు, ఆ రాత్రే పోవాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, బ్రూఫెన్, నొప్పుల సూదులు వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. నీళ్ళు, గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండాలి. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 అనే పరీక్షలో తెలుస్తుంది, ఆ తర్వాతైతే వేరే పరీక్ష. ముందు బస్తీ దవాఖానాకు పోండి. మనకు ప్రభుత్వ ఆసుపత్రి కొండాపూర్‌లోనే ఉంది.

బొప్పాయి ఆకు రసం గురించి అడుగుతారని తెలుసు. ప్రతి మీటింగులో అడుగుతారు. తాగినవాళ్ళను మేము తిట్టం. కానీ రసం తాగించాం కదా అని ఆసుపత్రికి పోవడం ఆపితే మాత్రం ఒప్పుకోం. ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే, లోపల నీరు కారిపోతున్న సంగతి మరిచిపోతాం.

ఇక దోమ సంగతి. మీలో ఎంతమందికి తెలుసో గానీ, దోమ వల్ల మలేరియా వస్తుందని ప్రపంచానికి తెలిసింది మన ఊరి నుంచే. రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఒక దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, అందులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనం జ్వరాలకు పోయే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పెట్టిందీ ఆయన పేరే.

ఈ కథలో మాకు నచ్చిన మనిషి ఇంకొకడున్నాడు. హుస్సేన్ ఖాన్ అని ఒక మలేరియా రోగి. రాస్ పెంచిన దోమలు అతన్నే కుట్టాయి. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారట. అతని రక్తం తాగిన దోమలోనే ఆ క్రిమి దొరికింది. నోబెల్ బహుమతి గురించి చెప్పేటప్పుడు ఆ అణాల మనిషిని ఎవరూ తలవరు. మేము మాత్రం ప్రతి బస్తీలో ఆ పేరు చెప్తాం. చెప్పగానే మన అక్కలు కొంచెం ముందుకు జరిగి కూర్చుంటారు. ఆ కథలో మనలాంటి మనిషి ఉన్నాడని అనిపిస్తుంది కావచ్చు.

రాస్ చూసింది మలేరియా దోమను. డెంగీది వేరే దోమ. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి, పగటి పూట కుడుతుంది, ఎక్కువగా పొద్దున, సాయంత్రం చీకటి పడే ముందు. మురికి కాలువ కాదు, మన మంచినీళ్ళే దానికి ఇష్టం. ఇది చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. "మురికిలో కదా దోమలుండేది, మా డ్రమ్ము శుభ్రంగ ఉంటది" అన్నారు. మాకూ మొదట నమ్మకం కలగలేదు.

అప్పుడు సీసా పని మొదలుపెట్టాం. మా మిషన్ అక్క కూతురు డిగ్రీ చదువుతున్నది, బోటనీ, జువాలజీ. ఆ పిల్ల చెప్పింది, "నమ్మమని ఎందుకు బతిమాలుతున్నరు, చూపియ్యండి." ఒక డ్రమ్ములోంచి గ్లాసుతో నీళ్ళు ముంచాం. మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోయే సన్న పురుగులు. అందరం ఎప్పుడూ చూసినవే, నీటి పురుగులని బట్టలో వడగట్టి తాగినవాళ్ళమే. వాటిని గాజు సీసాలో పోసి, పైన పాత చీర ముక్క రబ్బరు బ్యాండుతో బిగించి, ఆ ఇంటి కిటికీలోనే పెట్టాం. రోజూ చూడమన్నాం. ఆ పురుగులు కొద్ది రోజులకు కామాల్లాగా వంగిపోయాయి. ఇంకో రెండు రోజులకు బట్ట కింద దోమలు ఎగురుతున్నాయి. కాళ్ళ మీద తెల్ల చారలు. ఆ గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. మగవాళ్ళు కూడా వచ్చారు. పిల్లలైతే బడికి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అంటే వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేస్తే ఆ పురుగు దోమ కాకముందే పోతుంది. ఈ లెక్క తెలిశాక ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది. నీళ్ళు పెట్టుకోవచ్చు. వారం దాటనివ్వకూడదు, మూత గట్టిగా ఉండాలి, మూత లేకపోతే చీర గుడ్డ బిగించి కట్టాలి. ఇంకొక్క సంగతి ఉంది, అది చాలామంది చెప్పరు. ఈ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటి గీతకు కొంచెం పైన డ్రమ్ము గోడకు అంటించి పెడుతుంది. నల్లటి పొడిలా ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. అందుకని ఒంపేస్తే చాలదు, కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో గోడ గీకి కడగాలి. మేము ఎన్నేళ్ళుగానో డ్రమ్ము ఒంపుతున్నాం, గీకింది మాత్రం లేదు.

ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని మున్సిపల్ శాఖ వాళ్ళు ఆ మధ్య ప్రచారం చేశారు, గుర్తుండే ఉంటుంది. మాట మంచిదే. కానీ మన పనివాళ్ళకు ఆదివారం సెలవు ఎక్కడిది? అపార్ట్‌మెంట్లలో ఆదివారమే చుట్టాలు, ఆదివారమే ఎక్కువ అంట్లు. అందుకని మా బస్తీలో నల్లా రాని రోజు ఒకటి పెట్టుకున్నాం, ఎందుకంటే ఆ రోజుకు డ్రమ్ము అడుగంటుతుంది. నిండు డ్రమ్ము ఒంపమంటే ఎవరు ఒంపుతారు? అడుగున బకెట్ నీళ్ళుంటే మొక్కకు పోసి గీకుతారు.

ఇదంతా మేమే కనిపెట్టామని చెప్పుకోవడం లేదు. ఇట్లాంటి పని ముందే చేసినవాళ్ళు ఉన్నారని తెలిసినప్పుడు మాకు ధైర్యం వచ్చింది. బంగ్లాదేశ్ సంగతి అందరూ వినాలి. 1971 యుద్ధం అప్పుడు శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు సెలైన్ సీసాలు అయిపోయి, ఉప్పు, చక్కెర లాంటివి కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించాడు. ఓఆర్ఎస్ పని చేస్తుందని అక్కడ రుజువైంది. కానీ ఆ మందు గుట్టు డాక్టర్లకు తెలిస్తే చాలదు కదా, ప్రతి ఇంట్లో అమ్మకు తెలియాలి. బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఆ పని చేసింది. కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళు. ఆడ కార్యకర్తలు ఇంట్లో కూర్చొని, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు, ఆ ఇంటి చెంబులోనే, ఆ ఇంటి అమ్మ చేతనే కలిపించారు.

అందులో మాకు బాగా నచ్చింది వాళ్ళ జీతం లెక్క. ఎన్ని ఇళ్ళు తిరిగావని జీతం ఇవ్వలేదు. నెల తర్వాత ఇంకొకరు పోయి కొన్ని ఇళ్ళల్లో ఆ తల్లిని అడుగుతారు, కలిపి చూపించమంటారు. ఆమెకు ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత డబ్బు. వినేవాళ్ళకు అర్థం కాకపోతే చెప్పినవాళ్ళదే తప్పని పెట్టుకున్నారన్నమాట. మన దగ్గర తిరగబడి ఉంటుంది. మేము చదివాం, వాళ్ళు వినలేదు, మా డ్యూటీ అయిపోయింది అంటాం.

అయినా మొదట్లో వాళ్ళకూ దెబ్బ తగిలింది. తల్లులు పాఠం అప్పజెప్పారు, కానీ పిల్లలకు విరేచనాలైతే ఆ నీళ్ళు ఇచ్చినవాళ్ళు చాలా తక్కువ. ఎందుకని చూస్తే, చెప్పే కార్యకర్తలే తమకు జబ్బు చేస్తే ఆ నీళ్ళు తాగడం లేదట, వాళ్ళకే నమ్మకం లేదు. ఇంట్లో మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళు మందుబిళ్ళలు తెమ్మంటున్నారు. అప్పుడు కార్యకర్తలను పరిశోధన చేసే చోటికి తీసుకుపోయి చూపించారు, మగవాళ్ళతో బజార్లలో, మసీదుల్లో మాట్లాడారు. ఇది చదివినప్పుడు మాకు మా డ్రమ్ములు గుర్తొచ్చాయి. మా ఇంట్లో డ్రమ్ములకు మూత లేకుండా పోయి పక్కింటికి చెప్పాం.

ఇప్పుడైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు అంగన్‌వాడీలో, ఆశా దగ్గర దొరుకుతుంది, పిల్లలకు జింకు బిళ్ళ కూడా 14 రోజులు ఇవ్వాలి. ప్యాకెట్టు ఉంటే బెల్లం చిటికెల లెక్క వద్దు, ప్యాకెట్టే కలపండి, దాని మీద రాసినన్ని నీళ్ళల్లో.

అంత దూరం ఎందుకు, జహీరాబాద్ పోదాం. మియాపూర్ నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుంటే అదే దారి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కెమెరాలు పట్టి సినిమాలు తీస్తారు. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో మొదలైంది. ఊరి ఆడవాళ్ళే నడుపుకునే రేడియో. నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే, అందుకని ఒకరిని జనరల్ నర్సమ్మ, ఇంకొకరిని ఆల్గోల్ నర్సమ్మ అంటారు. కొర్రలు, సామలు, జొన్నలు ఎట్లా పండించాలి, విత్తనం ఎట్లా దాచాలి, పిల్లకు దగ్గొస్తే ఏం చేయాలి, అన్నీ వాళ్ళ ఊరి మాటలోనే. రేడియోలో పుస్తకం భాష మాట్లాడాలని ఎవరూ వాళ్ళను భయపెట్టలేదు.

కెమెరా నేర్చుకునేటప్పుడు ఇంగ్లీషు పేర్లు నోటికి రాక, వాళ్ళు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే పటేల్ షాట్. పటేలు గద్దె మీద కూర్చొని కింద ఉన్నవాళ్ళను చూసినట్టుంటుంది కనుక. కంటికి కన్ను సమంగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరం చాప మీద ఒకటే ఎత్తులో కూర్చుంటాం కదా. ఈ మాట విన్న రోజు మేము చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత మా కరపత్రం చదివిన రోజు తలుచుకుంటే నవ్వు ఆగిపోయింది. వాళ్ళు కూర్చొని ఉన్నారు, మేము నిలబడి చదివాం.

మనలో పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడలకు మట్టి మోసింది ఎవరంటే ముందు పాలమూరు పేరే చెప్పాలి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ రాళ్ళే. మన అమ్మలు, అత్తలు గుడిసెలేసుకొని ఇక్కడే ఉన్నారు. ఊళ్ళో నీళ్ళు లేకనే కదా వచ్చింది. అదే పాలమూరులో, అడ్డాకుల మండలంలో, ఆదర్శ మహిళా సమాఖ్య అని మనలాంటి పొదుపు సంఘాల సమాఖ్య ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అంటే మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ, 1972లో పెట్టింది, 2000ల మొదట్లో వాళ్ళతో కలిసి ఒక పని చేసింది. కరువు వచ్చాక ఏడవడం కాదు, వచ్చేముందే ఏ ఊరికి ఎంత గండం ఉందో చెప్పడం. వాన లెక్క, నీటి లెక్క కట్టి ఊళ్ళ పటం మీద రంగులు వేశారు. ఏ రంగు ఊరికి నీళ్ళు, పశువుల మేత ముందే చూసుకోవాలో సమాఖ్య ఆడవాళ్ళు చదివి చెప్పేవాళ్ళు. సమాఖ్య ఆఫీసులోనే కంప్యూటర్లు పెట్టుకొని రైతుల ప్రశ్నలు పటాన్‌చెరుకు పంపి జవాబులు తెప్పించేవాళ్ళు.

మాకు అందులో నచ్చింది, ప్రశ్న కూడా అటు పోయింది. మామూలుగా మన దగ్గరికి జవాబులే వస్తాయి. మనం అడగని ప్రశ్నలకు జవాబులు.

మా దోమల పనిలో అట్లా అటు పంపాల్సిన ప్రశ్నలు మిగిలిపోయాయి. మా బస్తీ డ్రమ్ములన్నీ గీకి కడిగి మూతలు పెట్టుకున్నా జ్వరాలు పోలేదు. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు, కొన్ని వందల గజాల్లోనే తిరుగుతుంది. మరి ఎక్కడి నుంచి వస్తుంది? బస్తీ వెనక కడుతున్న పెద్ద బిల్డింగు సెల్లారులో వాన నీళ్ళు మోకాలు లోతు నిలిచి ఉన్నాయి. లిఫ్టు గుంటలో, ఇటుకలు తడిపే తొట్టిలో కూడా. మేము సీసా ముంచి తెచ్చాం, పురుగులు. మా మీద కరపత్రాలు వేసినట్టు ఆ బిల్డింగు మీద ఎవరూ వేయలేదు. సూపర్‌వైజరు దగ్గరికి పోతే మొదటిసారి వాచ్‌మన్‌తోనే వెనక్కి పంపించాడు. రెండోసారి సీసా పట్టుకొని ఇరవై మందిమి పోయాం. "ఇది మీ సెల్లారు నీళ్ళు, ఎనిమిది రోజుల్ల దోమలైతయి, మీ లేబరోళ్ళ పిల్లలు కూడ ఇక్కడ్నే పంటున్నరు" అన్నాం. మోటారు పెట్టి తోడించాడు. మళ్ళీ వాన పడ్డాక మళ్ళీ పోవాల్సి వచ్చింది. ఇప్పటికి నాలుగుసార్లు పోయాం. వార్డు ఆఫీసుకు కూడా సీసాలు తీసుకుపోయాం. నల్లా రోజూ ఇవ్వమని దరఖాస్తు ఇచ్చాం. అది రాలేదు. నీళ్ళు వచ్చే టైము మాత్రం ముందు రోజే ఫోన్లో చెప్తున్నారు, పనికి పోయేవాళ్ళకు అదీ కొంత నయం.

నీళ్ళ సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. అవగాహన పెరిగితే చాలు జబ్బులు పోతాయని మాట్లాడేవాళ్ళంటే మాకు పడదు. రోజూ నల్లా వస్తే డ్రమ్మే ఉండదు, డ్రమ్ము లేకపోతే ఈ సీసా ఎందుకు? మనకు తెలివి లేక జ్వరాలు వస్తున్నాయని ఎవరైనా అంటే ఆ పెద్దమ్మ ప్రశ్నే అడగండి.

పని ఇళ్ళల్లో కూడా దోమ ఉంది. బాల్కనీ పూలకుండీల కింద పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, మనీ ప్లాంట్ పెట్టిన గాజు సీసా. మనమే తుడుస్తాం, మనమే చూస్తాం. మా ఉపసంఘంలో ఒకామె ఒక అమ్మగారితో చెప్తే, "నువ్వు నాకు సైన్స్ చెప్తున్నావా?" అని ముఖం మాడ్చుకుంది. ఇంకో ఇంట్లో చెప్తే, ఆ అమ్మగారు వెంటనే వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెట్టి, ఫ్లాట్లన్నిటికీ చెప్పింది. అక్కడి నుంచి ఆ బిల్డింగులో కుండీల పళ్ళేలు తీసేశారు. రెండూ జరుగుతాయి. చెప్పడం మానొద్దు, కానీ పని పోతుందనుకుంటే నోరు మూసుకొని పళ్ళెంలో నీళ్ళు ఒంపేసి రండి, ఎవరూ ఏమీ అనరు.

ఇక సమాఖ్య ముందు పెట్టాల్సిన మాట. ఈ సంవత్సరం ఆరోగ్య ఉపసంఘానికి డబ్బు కేటాయించొద్దని, సంఘం అంటే పొదుపు, అప్పు, కిస్తీ అంతే అని కొందరు అక్కలు అన్నారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. ఒక్కో రూపాయి ఎట్లా జమైందో మనకు తెలుసు. కానీ కిస్తీ తప్పినవాళ్ళ పుస్తకాలు తీసి చూడండి. అప్పు తీసుకొని ఎగ్గొట్టినవాళ్ళు కాదు వాళ్ళు. ఇంట్లో జ్వరమో, కాలు విరగడమో, కాన్పో వచ్చినవాళ్ళు. ఆ అక్క కుట్టు మిషను ఇంకా రాలేదు.

మేము అడిగేది పెద్దది కాదు. సంఘం మీటింగులో డబ్బు లెక్క మొదలయ్యేముందు పది నిమిషాలు ఇవ్వండి, చెప్పులు తొడుక్కునేటప్పుడు కాదు. ఒక్క మీటింగులో ఒక్క మాటే చెప్తాం, పన్నెండు వాక్యాలు చదవం. మాకు ఇచ్చే గౌరవ వేతనం బంగ్లాదేశ్ లెక్కలో ఇవ్వండి. వేరే బస్తీ ఆర్పీ అక్క నెల తర్వాత వచ్చి ఏ అయిదుగురినో అడగాలి, జ్వరం దిగిన రోజు ఏం చూడాలి అని. వాళ్ళు చెప్పలేకపోతే మా డబ్బు కోయండి. బట్ట, రబ్బరు బ్యాండ్లు, రెండు భూతద్దాలు, పెద్ద అక్షరాల బోర్డు ఒకటి, ఖర్చు కాగితం కోశాధికారి అక్క దగ్గర ఉంది. పాపులర్ కాని మాట ఇంకొకటి కూడా అందులో రాశాం. నల్లా కోసం ప్రతి మూడు నెలలకు దరఖాస్తు, జవాబు వచ్చినా రాకపోయినా, దాని ఆటో ఖర్చు.

తీర్మానానికి చేతులెత్తే ముందు, వెనక వరుస నుంచి ఒక సీసా వస్తుంది. అది నిన్న మా ఇంటి డ్రమ్ములోంచే ముంచింది, ఆరోగ్య ఉపసంఘం ఇంటి డ్రమ్ము, మేము మళ్ళీ గీకడం మరిచిపోయాం. చూసి పక్కవాళ్ళకివ్వండి. బట్ట మాత్రం విప్పొద్దు, రెండు ఇప్పటికే ఎగురుతున్నాయి.